గోడకి అవతలి ముఖం

“ఎండ ఎలా ఉంటుందమ్మా అక్కడ?” అని అడిగాడు నర్సరీ ఆయన.

“ఎండకేం లోటు! పొద్దున్న లేచింది మొదలు పొద్దు గుంకేదాకా మా తోటలోనే కాపురం ఉంటుంది,” అంది టైలరమ్మ.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వాళ్ళ తోట ఏటవాలు మీద, ఇంటి వెనక, నెత్తిన ఒక్క చెట్టు నీడైనా లేకుండా ఉంది. ఆరేసిన గుడ్డలు అన్నం తినొచ్చేలోగా ఎండిపోతాయి. కాకపోతే ఆయన అడిగింది తోట సంగతి కాదు. తోట మట్టి జారిపోకుండా అంచున కట్టిన రాతిగోడ సంగతి. ఆ గోడ ముఖం ఇటు కాక అటు, కింది ఇంటివైపు తిరిగి ఉంటుందన్నది ఆ క్షణాన ఆవిడకి తట్టలేదు. తట్టి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

“రాళ్ళ సందుల్లోకి కదా, అయితే గడ్డి గులాబీలు పట్టుకెళ్ళండి. పిడికెడు మట్టి చాలు వాటికి. ఎండ తగిలిందంటే చాలు, విచ్చుకుంటాయి,” అన్నాడాయన, మొగ్గల మీదున్న చిన్న చిన్న మొక్కల ట్రేలు ముందుకు జరుపుతూ.

టైలరమ్మ చీర చెంగు నడుముకి దోపుకుని కూర్చుంది. జాకెట్టుకి దారం ఎంచినట్టే ఎంచింది. గులాబి రంగు పక్కన పసుపు పెట్టి చూసింది, బాగుంది. ఎరుపు పక్కన నారింజ పెట్టింది, కళ్ళు చికిలించి తీసేసింది. ఒక్కో మొక్కనీ వెలుతురుకి ఎత్తి పట్టి, తిప్పి చూసి, అప్పుడు బుట్టలో పెట్టింది. బయట స్కూటర్ మీద కూర్చున్న మొగుడు హారన్ కొట్టాడు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు గానీ హారన్ ఇంకా రిటైరవలేదు.

“గోడకి మొక్కలా, గోడకి పెళ్ళా?” అన్నాడు ఆవిడ బయటికి రాగానే.

“పెళ్ళే. మాట్లాడకుండా బుట్ట పట్టుకోండి.”

పోయినేడు వానల్లో ఆ గోడ కూలింది. కూలితే మన తోటలోకి కూలదుగా, కింది ఇంటి వెనక వాకిట్లోకి కూలింది. దేవుడు చల్లగా చూసి ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేస్త్రి అవే రాళ్ళు ఏరి, సిమెంటు లేకుండా, కాస్త వెనక్కి వాల్చి మళ్ళీ కట్టాడు. “సందులు మూయకండి, నీళ్ళకి దారి ఉండాలి. కానీ మొక్కలు పెట్టండి, వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. లేకపోతే వాన పడ్డప్పుడల్లా మీ మట్టి వాళ్ళ వాకిట్లో ఉంటుంది,” అని చెప్పి పోయాడు. ఏడాది గడిచింది. మళ్ళీ వానలొచ్చే రోజులు దగ్గర పడ్డాయి.

మట్టి సంగతి సరే, టైలరమ్మ మనసులో ఇంకోటి ఉంది. గోడ కూలిన సాయంత్రం ఈ డ్రైవరుగారూ, కింది ఇంటి వెల్డరూ రాళ్ళ గుట్టకి అటొకరూ ఇటొకరూ నిలబడి నానా మాటలూ అనుకున్నారు. ఆనాటి నుంచి రెండిళ్ళకీ మాటల్లేవు. అంతకు ముందు వెల్డరు భార్య బట్టలు ఉతుకుతూ మెడ పైకెత్తి, ఈవిడ తోటలో నుంచి మెడ కిందికి వంచి, గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఈవిడ తల కనపడితే చాలు, ఆ పిల్ల బకెట్టు వదిలేసి లోపలికి పోతుంది. ఎవరికీ ఏమీ కాలేదన్న ఆనందాన్ని వాళ్ళకి ఒక్కసారి చెప్పుకోవాలని టైలరమ్మకి ఎంతో ఉంది. మిషను తొక్కుతూ రోజూ అనుకుంటుంది. చెప్పే దారి లేక, పూలతో చెబుదామనుకుంది.

మొక్కలు పెట్టేముందు గోడని శుభ్రం చేసింది. కొత్త గుడ్డ కుట్టే బల్ల మీద పాత పోగులు ఉంచే మనిషి కాదు. పొడుగాటి కర్రకి పాత కొడవలి కట్టి, అంచు మీద బోర్లా పడుకుని, చేతికి అందినంతా అందనంతా గీకింది. ఏడాదిలో సందుల్లో మొలిచిన పిచ్చి మొక్కలన్నీ కొడవలికి తగులుకుని వచ్చాయి. వాటిని నీళ్ళ ట్యాంకు పక్కన కుప్పగా పడేసింది. తర్వాత లైనింగు ముక్కలు కత్తిరించి, ఒక్కో ముక్కలో తడిమట్టి, ఒక మొక్క వేళ్ళు పెట్టి, చుట్ట చుట్టింది. ఆ చుట్టల్ని పై వరసల్లో చేత్తోనూ, నడిమి వరసల్లో కర్రతోనూ సందుల్లోకి తోసింది. డ్రైవరుగారు ఆవిడ మడమలు పట్టుకుని కూర్చున్నాడు.

“గట్టిగా పట్టుకోండి, బ్రేకు పట్టినట్టు!”

“బ్రేకు పడితే బస్సు ఆగేది. నువ్వు ఆగవుగా.”

“ఇంకా కిందికి దించండి.”

“ఇంకా దించితే వాళ్ళింట్లోనే దిగుతావు.”

అదే సమయానికి వెల్డరు భార్య బకెట్టుతో వాకిట్లోకి వచ్చింది. తలెత్తింది. కళ్ళు కలిశాయి. టైలరమ్మ నవ్వింది. తలకిందులుగా వేలాడుతున్న మనిషి, మొహంలోకి రక్తమంతా దిగి, జుట్టు విరబోసుకుని నవ్వితే అది నవ్వులా కనిపిస్తుందో లేదో చెప్పలేం. ఆ పిల్ల పెదవులు కదిలినట్టే కదిలి, ఆగిపోయాయి. బకెట్టు అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోయింది.

“ఇంకా కోపం పోలేదండీ పాపం,” అంది టైలరమ్మ పైకి లేచి మోచేతుల మట్టి దులుపుకుంటూ.

“కోపం మనకీ ఉంది,” అన్నాడు డ్రైవరుగారు.

“మీకు కోపం కాదు, బింకం. గోడ కూలింది మనది. కోపం తెచ్చుకునే హక్కు వాళ్ళది.”

ఆయన మడమలు పట్టుకుని చేతులు నొప్పెట్టాయన్నాడు.

మర్నాడు పొద్దున్న ఎండెక్కేసరికి గోడ అంచున పై వరస మొత్తం విచ్చుకుంది. గులాబి, పసుపు, తెలుపు, మళ్ళీ గులాబి, ఆవిడ అనుకున్న వరసలోనే. టైలరమ్మ మిషను మీద సగం కుట్టిన గుడ్డ వదిలేసి వచ్చి నిలబడింది. మొగుణ్ణి కేకేసింది. ఆయన వంగి చూశాడు. పైనుంచి వంగి చూస్తే గోడకి ముఖం కనపడదు, నుదురు మాత్రం కనపడుతుంది.

“మనకే ఇంత బాగుంటే వాళ్ళకెలా ఉంటుందో చూడండి! కళ్ళెదుట గోడంతా పూలే!” అంది. ఆ రోజంతా మిషను మీద కూనిరాగాలు తీస్తూ కుట్టింది. ఆ పిల్ల ఎప్పుడో అప్పుడు తలెత్తి, “బాగున్నాయి పిన్నిగారూ” అంటుందని చెవులు అటే పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

శుక్రవారం నాడు వెల్డరు వాకిట్లో టేపు పట్టుకుని గోడ పొడవునా కొలుస్తూ కనిపించాడు. భార్య రెండో కొస పట్టుకుంది. ఒక్కళ్ళూ పైకి చూడలేదు. మధ్యాహ్నానికి డ్రైవరుగారు టీ కొట్టు నుంచి కబురు మోసుకొచ్చాడు.

“ఆదివారం రేకులు నిలబెడతాడట. ఈ చివర నుంచి ఆ చివరకి, గోడంత ఎత్తు. మన గోడ మొహం చూడ్డం ఇష్టం లేదన్నమాట.”

టైలరమ్మ కత్తెర కింద పెట్టింది.

“నేను పూలు పెట్టాక కూడానా?”

“పూలు పెట్టావు కాబట్టే అయుండచ్చు. నేను చెబితే విన్నావూ?”

ప్రాణం చివుక్కుమంది ఆవిడకి. పూలు పోతే పోనీ. రేకులు లేచాయంటే ఇక తలలు కూడా కనపడవు. ఆ పిల్ల బకెట్టు వదిలేసి లోపలికి పారిపోవడం కూడా కనపడదు. ఏడాదిగా గొంతులో పెట్టుకున్న మాట గొంతులోనే ఉండిపోతుంది. ఉన్నది ఆదివారం దాకానే. లేచి మొహం కడుక్కుంది. మిగిలిన మొక్కల ట్రే చంకనెత్తుకుంది.

“ఎక్కడికి?”

“కింది వరసల సందులు ఖాళీగా ఉన్నాయి. అవి వాళ్ళ వాకిట్లోంచి తప్ప అందవు.”

“ఆ మనిషి గుమ్మం ఎక్కావంటే నేనూరుకోను.”

“ఎక్కడమెక్కడ? వాళ్ళిల్లు కింద ఉంటే!” అని చెప్పులేసుకుంది.

తోట అంచు నుంచి చూస్తే వాళ్ళ వాకిలి ఉమ్మేస్తే పడేంత దూరం. వెళ్ళాలంటే మాత్రం వీధిలోకి పోయి, మలుపు తిరిగి, మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి రావాలి. వెల్డరు పనికి వెళ్ళాడని తెలిసే బయల్దేరింది. అయినా తలుపు కొట్టేముందు ఒకసారి జుట్టు సవరించుకుంది.

ఆ పిల్లే తీసింది. 

“మొక్కలు... కింది వరస మిగిలిపోయింది,” అంది టైలరమ్మ ట్రే చూపించి. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

“లోపలికి రండి పిన్నిగారూ,” అంది ఆ పిల్ల.

ముందు గది దాటి, వంటిల్లు దాటి, వెనక గదిలోకి తీసుకెళ్ళింది. పట్టపగలు అక్కడ ట్యూబులైటు వెలుగుతోంది. ఇన్నేళ్ళూ వీళ్ళ నెత్తిన కాపురం చేస్తూ, వీళ్ళింట్లో పగలు లైటు వేసుకుంటారని టైలరమ్మకి తెలియదు. కిటికీ పక్కన మంచం మీద ఆ పిల్ల మామగారు గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఆ వీధి మగవాళ్ళందరికీ ఒకప్పుడు క్షవరం చేసిన మనిషి. ఇప్పటికీ అందరూ సెలూన్ పెద్దాయన అనే అంటారు. పోయినేటి నుంచి వాకిట్లో కాలు పెట్టలేదని విని, మోకాళ్ళ నొప్పులనుకుంది టైలరమ్మ.

“ఎవరూ, టైలరమ్మా? రామ్మా రా. గోడకి గుండు కొట్టేశావు! నా సర్వీసు మొత్తంలో నేనే ఎవరికీ అంత నున్నగా కొట్టలేదు.”

“మావయ్యా, ఊరుకోండి,” అంది కోడలు.

టైలరమ్మ నవ్వబోయి కిటికీలోంచి చూసింది. నవ్వు ఆగిపోయింది.

కిటికీ నిండా గోడే. ఆకాశం కావాలంటే వంగి, మెడ తిప్పి వెతుక్కోవాలి. ఎక్కడో పైన అంచు మీద ఎండ గీతలా పడుతోంది. ఆ గీతలో తన పూలు విచ్చుకుని ఉన్నాయి గానీ, ఇక్కడికి వాటి కాడలూ వీపులూ తప్ప ఏమీ కనపడవు. అక్కడి నుంచి కిందికి అంతా నీడే. ఆ నీడలో తను రంగులు ఎంచి ఎంచి పెట్టిన మొక్కలు మొగ్గలు బిగించుకుని తలలు వాల్చేశాయి. ఒక్కటి, అంటే ఒక్కటి విచ్చుకోలేదు. సందుల్లోంచి లైనింగు గుడ్డల కొసలు వేలాడుతున్నాయి. గోడంతా గీకిన గాట్లు, కారిన మట్టి చారలు. పేలికలు కుక్కిన గోడలా ఉంది.

“ఇదా వీళ్ళు చూస్తున్నది,” అనుకుంది. తల తీసేసినట్టయింది.

“అదిగో, ఆ నల్లరాయి పక్క సందు చూడు,” అన్నాడు పెద్దాయన వేలు చాచి. “అక్కడో ఫెర్న్ మొక్క ఉండేది. ఎవరూ పెట్టలేదు, అదే వచ్చింది. దాని ఆకు చుట్ట చుట్టుకుని పుడుతుంది, రోజుకింత విప్పుకుంటుంది. పొద్దున్నే లేచి ఇవాళ ఎంత విప్పిందో చూసుకునేవాణ్ణి. పక్కన ఇంకో రెండు కొత్తగా తల పెట్టాయి. ఆ చివర తెల్లపూల తీగ ఒకటి, పేరు తెలీదు.”

తను కొడవలితో గీకి పారేసిన పిచ్చిమొక్కలు. టైలరమ్మ మంచం పక్కన స్టూలు మీద కూలబడింది.

“ఒక్క కేక వెయ్యకూడదటే అమ్మాయ్? గీకుతుంటే నీకు వినపడే ఉంటుందిగా!”

“ఎలా వేస్తాను పిన్నిగారూ? మా కోసమని తలకిందులుగా వేలాడుతూ అంత పాట్లు పడుతుంటే, వద్దని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? మీకు చెప్పేదాన్నా నేను?”

“అదేమిటి, నువ్వు నా మీద కోపంతో కదూ లోపలికి పోయేది?”

“కోపమా?” ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “మిమ్మల్ని చూస్తే ఏడుపొస్తుంది నాకు. ఈయనేమో మాట్లాడొద్దని ఒట్టు వేయించుకున్నారు. వాకిట్లో నిలబడి ఏడిస్తే బాగుంటుందా అని లోపలికి పోతాను.”

టైలరమ్మకి ముక్క అర్థం కాలేదు. ఆ పిల్ల చీర కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది.

“గోడ కూలిన రోజు మీరు పైనుంచి కేకేశారు గుర్తుందా? ఎవరిదో లైనింగు ముక్క గాలికి ఎగిరొచ్చి మా వాకిట్లో పడింది. ‘బాబాయిగారూ, కాస్త ఆ ముక్క అందుకోండి, తడిస్తే రంగు దిగిపోతుంది’ అని ఒకటే అరుపు. మావయ్య విసుక్కుంటూ కుర్చీలోంచి లేచారు. నీళ్ళ డ్రమ్ము దాకా వెళ్ళి వంగారు. వెనక గోడ కూలింది.”

“కుర్చీ ఎక్కడ వేసుకున్నారు?”

“గోడకి ఆనించే. రాళ్ళు చల్లగా ఉంటాయని ఎప్పుడూ అక్కడే కూర్చునేవారు. రాళ్ళు తీశాక చూస్తే కుర్చీ నుజ్జు.”

 పైనుంచి గోడ పాదం కనపడదు. ఇంట్లోనే ఉంటాడు కదా అని ఆ రోజు బాబాయిగారిని కేకేసింది గానీ, ఆయన అక్కడ కూర్చుంటాడనే టైలరమ్మకి తెలియదు. ఏడాదిగా ‘ఎవరికీ ఏమీ కాలేదు’ అని తేలిగ్గా అనుకుంటూ వచ్చింది. ఎంత జరిగి ఉండేదో ఇప్పుడు తెలిసింది. 

“నేను... నేను గుడ్డ కోసం అరిచానమ్మా. మా కస్టమరు తిడుతుందని. బాబాయిగారి కోసం కాదు.”

“దేని కోసమైతేనేం పిన్నిగారూ, ఆయన లేచారు.”

“మీ ఆయనకి తెలుసా ఇది?”

“తెలుసు. ‘కూల్చిందీ వాళ్ళే, లేపిందీ వాళ్ళే, లెక్క సరిపోయింది, దండాలెందుకు’ అంటారు. పైకి అలా అంటారు గానీ ఆయన భయం ఆయనది. మబ్బు పట్టిందంటే మావయ్య ఈ గోడనే చూస్తూ బిగుసుకుపోయి కూర్చుంటారు. కాళ్ళు బాగానే ఉన్నాయి, వాకిట్లోకి రమ్మంటే రారు. ఆ ఫెర్న్ ఉన్నన్నాళ్ళు కాస్త దాని ధ్యాసలో ఉండేవారు. ఇప్పుడదీ లేదు. గోడ కనపడకుండా చేస్తే భయం పోతుందేమోనని రేకులు తెస్తున్నారు.”

టైలరమ్మ మళ్ళీ కిటికీలోంచి చూసింది. ఇన్నేళ్ళూ తోట మాది, తోట మాది అనుకుంది. తోట తమదే, గోడ మాత్రం వీళ్ళది. పైన తాము పువ్వు చూశారు, కింద వీళ్ళు రాయి చూశారు. ఈ చిన్న సంగతి తెలియడానికి అన్ని మెట్లు దిగి రావలసి వచ్చింది.

“రేకులు పెట్టుకోండమ్మా, నేను తప్పు పట్టను. రేపొక్క రోజు మాత్రం ఈ గోడ నాకివ్వు,” అంది. తర్వాత మంచం వైపు తిరిగింది. “బాబాయిగారూ, ఈసారి మీరు చెప్పండి. మీరేం పెట్టమంటే అది పెడతాను.”

పెద్దాయన ఆలోచించాడు. “నన్నడిగితే, పోయినదాన్నే తెచ్చి పెట్టమంటాను.”

శనివారం ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి నర్సరీకి వెళ్ళారు.

“ఎండ ఎలా ఉంటుందమ్మా?” అని మొదలుపెట్టాడు నర్సరీ ఆయన.

“లేదు!” అన్నారిద్దరూ ఒక్కసారే. ఆయన బెదిరిపోయి వెనక షెడ్డులోకి, తడి గోనెపట్టాల నీడలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఫెర్నులు ఉన్నాయి, నేలబారుగా పాకే చిన్నాకుల తీగలు ఉన్నాయి, నీడలోనే పూసే బిగోనియాలు ఉన్నాయి. టైలరమ్మ అలవాటుగా ఎర్రటి బిగోనియా చేతిలోకి తీసుకుంది.

“తెల్లవి తీసుకుందాం పిన్నిగారూ. మా గదిలోంచి చూస్తే ఎరుపు నల్లగా కనపడుతుంది,” అంది ఆ పిల్ల.

టైలరమ్మ ఎర్రమొక్కని దించేసింది. తెల్లవి ఏరారు. కొనే ముందు ఒక్కో మొక్కనీ షెడ్డు మూల చీకట్లోకి పట్టుకెళ్ళి, దూరంగా నిలబడి చూసుకున్నారు. నర్సరీ ఆయన ఇలాంటి బేరం ఎప్పుడూ చూడలేదు కాబోలు, మూలకి తిరిగి తిరిగి చూశాడు.

వెనక్కి రాగానే టైలరమ్మ నీళ్ళ ట్యాంకు పక్క కుప్ప దగ్గరికి పరుగెత్తింది. ట్యాంకు పగులులోంచి నీళ్ళు కారి అక్కడ ఎప్పుడూ తడే. మీదవన్నీ మాడిపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పొరా విడదీసింది. అడుగున, వేళ్ళ చుట్టూ పిసరంత నాచుతో, రెండు ఫెర్నులు దొరికాయి. ఒకదానికి ఇంకా విప్పుకోని చిన్న ఆకు చుట్ట ఉంది. “నీకు దండం పెడతానే తల్లీ,” అని పైకే అంది. తడిగుడ్డలో చుట్టి, గుండెకి హత్తుకుని మెట్లు దిగింది.

ఈసారి పని కిందినుంచి సాగింది. ఆ పిల్ల పీట మీద నిలబడి మొగ్గలు బిగించుకున్న గడ్డి గులాబీలని జాగ్రత్తగా ఊడదీసి ట్రేలో పెట్టింది. అవి పైన, ఎండలో, తోటలో పెట్టుకోవడానికి. లైనింగు పేలికలన్నీ లాగేశారు. సందులో ముందు నీళ్ళు చిలకరించి, చెంచాతో తడిమట్టి కూరి, వేళ్ళని పడుకోబెట్టి, మీద ఇంకాస్త మట్టి పెట్టి, చిన్న రాతిచెక్క బిగించారు. మట్టి లోపలికి వాలేట్టు చూసుకున్నారు, వాన చినుకు బయటికి కాక వేరు దగ్గరికి పోవాలని. కిటికీలోంచి పెద్దాయన నడిపించాడు.

“ఎడమకి. ఇంకొంచెం. ఆఁ, అక్కడ. పక్కన ఖాళీ వదులు, మరీ ఒత్తుగా వద్దు. నుదుటి మీద పడకూడదు.”

“గోడకి నుదురేమిటి మావయ్యా?”

“నాకు తెలుసులే, నువ్వు పెట్టు.”

నల్లరాయి పక్క సందులో పాత ఫెర్న్‌ని టైలరమ్మ తన చేత్తో పెట్టింది. పెద్దాయన కిటికీ ఊచ పట్టుకుని ముందుకు వంగి చూశాడు. తర్వాత, “సరిగ్గా అక్కడే,” అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఇంకా కింది వరస ఒకటి మిగిలింది. టైలరమ్మ చేతులకి మట్టితో, గోడ మొదట్లో గొంతుక్కూర్చుని ఉండగా వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. వెల్డరు ఒక రేకు నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఆవిణ్ణి చూశాడు. గోడ చూశాడు. భార్య కేసి చూశాడు. ఆ పిల్ల చెంచా పట్టుకుని అలాగే నిలబడింది, అదురూ లేదు బెదురూ లేదు.

“గుంటలు తవ్వాలి, గొట్టాలు పాతాలి,” అన్నాడు రేకు దించి, ఎవరి మొహమూ చూడకుండా. “మొక్కల మీద పడితే నన్ననద్దు.”

టైలరమ్మ లేచి చేతులు కడుక్కోబోయింది. వెళ్ళిపోయేలోగా చెప్పాల్సిన మాట ఒకటుంది. 

“చూడు బాబూ, ఆ రోజు బాబాయిగారికి ఏమీ కాలేదు. రోజూ మిషను ముందు కూర్చున్నప్పుడల్లా అదే తల్చుకుంటాను. మీకొచ్చి చెప్పాలనుకుంటూనే ఇన్నాళ్ళు గడిపేశాను. ఆయన ఎక్కడ కూర్చునేవారో నాకు మొన్నటిదాకా తెలియదు. తెలిశాక నాకు కూడు సహించలేదు. మా గోడ మీ ఇంటి పెద్దని మిగిల్చింది. అదే పదివేలు. మీరు మమ్మల్ని ఎన్ని మాటలన్నా పడతాం.”

వెల్డరు రేకు అంచు వేళ్ళతో రాస్తూ నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. అంతలో వెనక గుమ్మంలో చప్పుడైంది.

పెద్దాయన గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండో చేతిలో నీళ్ళు చిమ్మే సీసా ఉంది, సెలూన్లో తలలు తడిపేది.  ఆయన ఒక కాలు వాకిట్లో పెట్టాడు. ఆగాడు. గోడ కేసి చూశాడు. రెండో కాలు పెట్టాడు. కొడుకు చెయ్యి అందించబోతే పక్కకి నెట్టి, మెల్లగా నడిచి గోడ దగ్గరికి వచ్చాడు.

“ఇవి నాటారు సరే, తడెవరు పెడతారు? ధారగా పోస్తే మట్టి కొట్టుకుపోదూ? పొద్దునా సాయంత్రం తుంపర పట్టాలి. ఇది మీ ఎవరి వల్లా కాదు,” అని, సీసా నొక్కాడు. సన్నటి తుంపర నల్లరాయి మీద, ఫెర్న్ ఆకు మీద పడింది. గురి తప్పలేదు. తర్వాత తలతిప్పి రేకు కేసి చూశాడు. “ఇదెందుకు?”

“ఇక్కడ నిలబెడదామని నాన్నా. గోడ నీకు కనపడకుండా.”

“కనపడకపోతే నేను పనెలా చేస్తాను? దీన్ని నిలబెట్టకు. నా నెత్తి మీదికి వచ్చేట్టు అడ్డంగా వెయ్యి. వానలో కూడా కూర్చోవాలిగా.”

“ఇక్కడా? మళ్ళీ ఈ గోడ కిందా?”

“మరి తల ఇక్కడుంటే మంగలి ఇంకెక్కడ కూర్చుంటాడ్రా?”

వెల్డరు రేకుని గుమ్మానికి ఆనించాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు. ఒక రాయి మీద అరచెయ్యి ఆనించి బలంగా నెట్టాడు. దాని పక్కది నెట్టాడు. మొక్కలకి తగలకుండా, ఇటు నుంచి అటు దాకా, భుజం పెట్టి కూడా నెట్టి చూశాడు. ఏదీ కదల్లేదు. లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి, గోడకి బారెడు దూరంలో వేశాడు. పెద్దాయన దాన్ని ఈడ్చుకుని గోడ దగ్గరికి జరుపుకుని, కూర్చున్నాడు. టైలరమ్మకి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు. ఆ పిల్ల వచ్చి ఆవిడ భుజం పట్టుకుని తనూ ఏడ్చింది.

“మీరు ఏడాది నుంచీ చెప్పాలనుకుంటున్నారు, మేమూ అంతే లెండి,” అన్నాడు వెల్డరు, గొట్టాల కొలత చూస్తున్నట్టు వంగి. “ఆ కేక మీరు వేశారు. ఆ మాట నాకూ గుర్తుంది.”

ఆ గొడవంతా వినపడిందో, ఏమీ వినపడకపోవడమే అనుమానం తెప్పించిందో, పైన తోట అంచు మీద డ్రైవరుగారి బట్టతల ప్రత్యక్షమైంది.

“ఏమోయ్! అయిందా? ఏం జరుగుతోందక్కడ? నాకేం కనపడ్డం లేదు!”

టైలరమ్మ ఇంకా కళ్ళు తుడుచుకుంటోంది.  చివరికి వెల్డరే నడుం మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తాడు.

“అక్కణ్ణుంచి కనపడదు డ్రైవరుగారూ! కిందికి రండి!”

పైన బట్టతల కదలకుండా ఉండిపోయింది.

“వచ్చేటప్పుడు మీ కుర్చీ మీరే తెచ్చుకోండి,” అన్నాడు వెల్డరు. “మా రెండోదాన్ని మీ గోడ తినేసింది!”

 ముందు పెద్దాయన నవ్వాడు, ఒళ్ళో సీసా ఎగిరిపడేట్టు నవ్వాడు. పైన బట్టతల మాయమైంది. కాసేపటికి వరండాలోంచి కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వినపడింది.